అల్మాటీ నుంచి కరగండ: రైలెక్కండి, ఎయిర్‌పోర్టు టాక్సీ ఎక్కకండి

మావాడు కజకిస్తాన్‌లోని కరగండలో మెడిసిన్ చదువుతున్నాడు. మే నెలలో నేనూ మా ఆవిడా కర్నూలు నుంచి వాణ్ణి చూడ్డానికి పోయాం. మనవాళ్లకు 14 రోజుల దాకా వీసా అక్కర్లేదు. ఢిల్లీ నుంచి అల్మాటీ దాకా ఏ ఇబ్బందీ లేదు.

ఎయిర్‌పోర్టు బయటికి రాగానే ఒక టాక్సీవాడు సూట్‌కేసు లాక్కుని డిక్కీలో పెట్టేశాడు. రైల్వే స్టేషన్‌కు 15,000 టెంగేలు గుంజాడు, మన లెక్కలో 2,500 రూపాయలు! తిరిగొచ్చేటప్పుడు యాండెక్స్ యాప్‌లో బుక్ చేస్తే అదే దూరానికి 3,400 టెంగేలే అయింది. ఆ కడుపుమంట నాకింకా చల్లారలేదు. యాప్‌లో బండి ఖాయమయ్యాకే బయటికి రండి.

"విమానంలో పోదామంటే విన్నావా?" అని మా ఆవిడ మొహం మాడ్చుకునే రైలెక్కింది. నాలుగు బెర్తుల కూపేలో మనిషికి 11,000 టెంగేలు. ఊరు దాటాక అంతా గడ్డి మైదానమే, గంటలకొద్దీ ఒక్క ఇల్లు కనపడదు. దేశం 27 లక్షల చదరపు కిలోమీటర్లు, జనం రెండు కోట్లు. మన ఆంధ్ర జనాభాలో సగం కూడా లేరు. అలాంటి చోట సిగ్నల్ ఎట్లా వస్తుంది? మా ఆవిడ ఫోన్ కిటికీకి ఆనించి, "పిల్లోడు కంగారు పడతాడేమో" అని ఒకటే దిగులు.

బోగీ చూసుకునే పెద్దావిడ అది గమనించింది. మాట రాకపోయినా చిన్న కాగితం మీద టైము రాసి, ఫోన్ చెవిలో పెట్టుకున్నట్టు సైగ చేసింది. నా గడియారం మన టైములోనే ఉంది, అక్కడ అరగంట వెనక. సరిగ్గా ఆ టైముకే సర్యషగాన్ స్టేషన్ వచ్చింది, సిగ్నలూ వచ్చింది. ప్లాట్‌ఫాం మీద ఆడవాళ్లు బల్ఖాష్ సరస్సు చేపలు పొగబెట్టి అమ్ముతున్నారు. శనివారం కాబట్టి మేం ముట్టలేదు. మావాడి గొంతు విన్నాకే మా ఆవిడకు ఆకలి గుర్తొచ్చింది.

ప్రతి బోగీ చివరా వేడినీళ్ల బాయిలరు ఉంటుంది, నీళ్లు ఊరికే. ఇంటి నుంచి తెచ్చిన బొరుగులు ఆ నీళ్లలో ముంచి వెంటనే పిండి, ఉల్లిపాయ, పుట్నాల పొడి, నిమ్మకాయ కలిపింది. తాలింపు లేని ఉగ్గాని! పెద్దావిడకు పెడితే గుప్పెడు తిని, ఇంకో గుప్పెడు అడిగింది. కాసేపటికి ఇనుప పిడి తొడిగిన గాజు గ్లాసుల్లో రెండు టీలు తెచ్చిచ్చింది. డబ్బులు తీసుకోలేదు.

తిరుగు టికెట్లు రైలుకే తీయమని మావాడికి మా ఆవిడే చెప్పింది. కింది బెర్తులు ముందే పట్టుకోండి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు పైకి ఎక్కలేరు.