ఆగమన కాలంలో ఏం చదవాలి: రోజుకో లూకా అధ్యాయమా, చర్చి పట్టికా?

నవంబరు సగానికి వచ్చిందంటే నన్ను అందరూ అడిగే ప్రశ్న ఒకటే. "అక్కా, ఈసారి ఏం చదువుదాం, లూకానా పట్టికా?" ఆగమన కాలమంటే క్రిస్మస్ ముందు నాలుగు ఆదివారాలు వచ్చే రోజులు, పట్టిక అంటే ఏ రోజు ఏ వాక్యం చదవాలో చర్చి రాసిపెట్టిన వరుస. ఆడవాళ్ల కూటంలో అడుగుతారు, ఫోన్ చేసి అడుగుతారు. పోయినేడు తిరుపతి బస్టాండులో చిత్తూరు బస్సు కోసం నిలబడి ఉంటే ఒకామె అక్కడికే వచ్చి అడిగింది. నేను పుట్టింది లూథరన్ ఇంట్లో, మెట్టింది కథోలిక ఇంట్లో. యేసు జీవితం చెప్పే పుస్తకాన్ని అక్కడ సువార్త అంటారు, ఇక్కడ సువిశేషం అంటారు. రెండు ఇళ్ల నీళ్లూ తాగినదాన్ని కాబట్టి తీర్పు కూడా నేనే చెప్పాలని వాళ్ల లెక్క. బస్సు వచ్చేలోపు చెప్పే సంగతి కాదు కాబట్టి ఇక్కడ రాసేస్తున్నాను.

లూకా పద్ధతి మీకు తెలిసిందే. లూకా సువార్త 24 అధ్యాయాలు, డిసెంబరు 1 నుంచి 24 దాకా రోజుకొకటి. ఇందులో ఉన్న సుఖం ఏమిటంటే, పట్టిక వెతుక్కునే పని లేదు. తేదీ ఎంతో అధ్యాయం అంత. ఎవరి చేతిలో ఏ బైబిలు ఉన్నా సరిపోతుంది, ఏ సంఘం వాళ్లయినా చదువుకోవచ్చు. మేము 2022 నుంచి 2024 దాకా మూడేళ్లు ఇదే చదివాం. పిల్లలకు ఒక సువార్త మొదటి నుంచి చివరి దాకా వరుసగా తెలిసింది, అది చిన్న సంగతి కాదు. మావాడు ఇప్పటికీ మంచి సమరయుడు 10వ తేదీ, తప్పిపోయిన కుమారుడు 15, జక్కయ్య 19 అని తేదీలతో సహా చెబుతాడు. అంతకు ముందు వాడికి జక్కయ్య అంటే సండేస్కూల్ పాటలో చెట్టెక్కిన పొట్టివాడు, అంతే.

కష్టం మొదటి రోజే వస్తుంది. లూకా మొదటి అధ్యాయం 80 వచనాలు. ఇంటిల్లిపాదీ కూర్చుని పైకి చదివితే మూగబోయిన జెకర్యాకు మాట వచ్చేలోపు చిన్నది నిద్రపోతుంది. సరే, అదీ ఒక రోజే అనుకుందాం. అసలు చిక్కు రెండో రోజున ఉంది. 2వ తేదీకే పశువుల తొట్టి, గొల్లలు, దూతలు అన్నీ అయిపోతాయి. 3వ తేదీకి యేసుకు ముప్పై ఏళ్లు. ఇంకా మేము స్టార్ కూడా కట్టి ఉండం!

2024 డిసెంబరు 23 రాత్రి జరిగింది చెబుతాను. బయట స్టార్ వెలుగుతోంది, వంటింట్లో మా అత్త కజ్జికాయలు వత్తుతోంది. ఆరోజు చదివే వంతు మా పాపది. 23వ అధ్యాయం. కూడబలుక్కుంటూ "ఆయన యీలాగు చెప్పి ప్రాణము విడిచెను" దాకా వచ్చి ఆగిపోయింది. "అమ్మా, ఎల్లుండి కదా పుట్టేది, ఈరోజే చంపేసినారేంది?" అంది. నా దగ్గర జవాబు లేక కాదు. సిలువ లేకుండా క్రిస్మస్ లేదని నాకూ తెలుసు, వాళ్ల నాన్న అదే చెప్పాడు కూడా. కానీ అడిగినదాంట్లో న్యాయం ఉంది. మేము ఆ నెలంతా ఎదురు చూడలేదు, సిలబస్ పూర్తి చేశాం.

ఇది మా ఇంటి సంగతే కాదు, మన ప్రాంతం సంగతి. డిసెంబరు మొదటి వారం నుంచే, పండుగ రాకముందే జరుపుకునే సెమీ క్రిస్మస్‌లు మొదలు. ఆఫీసులో ఒకటి, పిల్లల స్కూల్లో ఒకటి, యూత్ వాళ్లది ఒకటి, ఐక్య క్రిస్మస్ ఇంకొకటి. ప్రతిచోటా కేకు, బిర్యానీ, పశువుల పాక స్కిట్టు. 25 వచ్చేసరికి ఆయన నాలుగైదు సార్లు పుట్టేసి ఉంటాడు, మనకు తినడానికి కూడా ఓపిక ఉండదు. నేను సెమీ క్రిస్మస్‌లకు వ్యతిరేకిని కాదు, పిలిచిన ప్రతిచోటికీ వెళతాను. కాకపోతే బయట ఎలాగూ ఆగలేకపోతున్నాం, ఇంట్లో చదివే ఆ పది నిమిషాలైనా ఆగనివ్వాలి కదా. నాకు తేల్చే విషయం ఇదే. ఎన్ని వచనాలు, ఎంత సేపు, ఏ అనువాదం, ఇవన్నీ తర్వాత. నేను చదివేది నన్ను కనిపెట్టేలా చేస్తోందా లేదా?

కనిపెట్టడం అంటే ఇప్పుడు బల్బు కనిపెట్టడమే. మా పిల్లలు అలాగే అనుకున్నారు. పాత తర్జుమాలో కనిపెట్టడమంటే కళ్లు కాయలు కాచేలా ఎదురు చూడడం. "కావలివారు ఉదయముకొరకు కనిపెట్టుటకంటె ఎక్కువగా" అని 130వ కీర్తన. చెరసాలలో ఉన్న యోహాను తన శిష్యుల్ని పంపించి యేసును అడిగించిన ప్రశ్న కూడా ఆ మాటతోనే ఉంది: "రాబోవువాడవు నీవేనా, మేము మరియొకని కొరకు కనిపెట్టవలెనా?" 2025లో మూడో ఆగమన ఆదివారం, డిసెంబరు 14న, చర్చిలో చదివింది ఈ భాగమే. క్రిస్మస్‌కు పదకొండు రోజుల ముందు, యేసుకు బాప్తిస్మమిచ్చిన మనిషికే అనుమానం. లూకా 7వ అధ్యాయంలో కూడా ఈ ప్రశ్న ఉంది, మూడేళ్లూ 7వ తేదీన చదివాం. యాభై వచనాల మధ్యలో అది నా కళ్లకు ఆనలేదు.

ఇక పట్టిక. కథోలికుల దగ్గర రోజువారీ పఠనాలకు ఒక వరుస ఉంది. ఆదివారాలకు మూడేళ్ల చక్రం: ఒక ఏడు మత్తయి, ఒక ఏడు మార్కు, ఒక ఏడు లూకా. 2025 ఆగమనంతో మత్తయి సంవత్సరం మొదలైంది, 2026 ఆగమనంతో మార్కు. మామూలు రోజుల పఠనాలు మాత్రం ఆగమన కాలంలో ప్రతి ఏడూ ఇంచుమించు అవే. మొదటి వారాల్లో ఎక్కువగా యెషయా, దానికి జతగా ఒక చిన్న సువిశేష భాగం. రెండూ కలిపినా పైకి చదవడానికి ఐదారు నిమిషాలు.

మొదటి ఆదివారం పసిబిడ్డ ఊసే ఉండదు. ప్రభువు రెండో రాకడ గురించి, మెలకువగా ఉండమని ఉంటుంది. కోడలిగా వచ్చిన కొత్తలో నాకు ఇది విడ్డూరంగా ఉండేది. 2021లో అర్థమైంది. ఆ నవంబరు 18న తిరుపతిలో కురిసిన వాన, వీధుల్లో పారిన నీళ్లు ఇక్కడివాళ్లెవరూ మరిచిపోలేదు. మా కింది వాటా వాళ్ల సామాను ఇంకా ఎండలో ఆరుతూనే ఉంది. పది రోజులకు, నవంబరు 28న, మొదటి ఆగమన ఆదివారం. ఆరోజు వంతుగా వచ్చిన సువిశేషం లూకా 21, 25వ వచనం నుంచి: సముద్ర తరంగాల ఘోష, జనాలకు కలవరం, ఇవి మొదలైనప్పుడు తలలెత్తుకోమని. ఫాదర్ గారు ఏరి తెచ్చిన వాక్యం కాదది, ఏనాడో రాసిపెట్టిన వరుసలో ఆరోజుకు వచ్చింది. నా ఇష్టానికి వదిలేస్తే ఆ వారం నేను ధైర్యం చెప్పే 23వ కీర్తన తప్ప ఇంకేదీ తెరిచేదాన్ని కాదు. అప్పుడే పట్టికకు మారాల్సింది. పిల్లలకు లూకా తేలికని మారలేదు, 2025 దాకా.

2025 ఆగమనంలో మొదటి వారం మంగళవారం పఠనం యెషయా 11. ఆరోజు అమ్మను చూడ్డానికి చిత్తూరు వైపు మా ఊరికి పోతూ బస్సులో ఫోన్లో చదివాను. "యెష్షయి మొద్దునుండి చిగురు పుట్టును." మా ఊరి మలుపు దగ్గర రోడ్డు వెడల్పు చేసేటప్పుడు కొట్టేసిన చింతమాను మొద్దు ఒకటి ఉంది. నా చిన్నప్పుడు దాని కింద టీ బంకు ఉండేది. బస్సు దిగి చూస్తే, గొడ్డలి దెబ్బలు నల్లబడిపోయిన ఆ మొద్దు పక్క నుంచి జానెడు కొమ్మ లేచింది, కొసన ఎర్రటి లేత చిగురు. ఈ మాట అమ్మకు చెబితే, "నేనూ చూసినాను, పప్పులోకి కోద్దామని పోయి చెయ్యి రాక వచ్చేసినా" అంది. రోజుకొక అధ్యాయం లెక్కన నలభై యాభై వచనాలు చదివేసి ఉంటే నేను ఆ మొద్దు దగ్గర ఆగేదాన్నా అంటే, అనుమానమే.

డిసెంబరు 17 నుంచి పట్టిక దారి మార్చుకుంటుంది. అప్పటిదాకా దూరం నుంచి వినిపించిన కథ ఇంటి ముందుకు వచ్చేస్తుంది. 17న మత్తయి వంశావళి, 18న యోసేపు, 19న సమ్సోను తల్లి కథ పక్కన యోహాను తల్లి ఎలీసబెతు, 20న మరియ, 22న సమూయేలు తల్లి హన్నా కథ పక్కన మరియ పాట, 24న యోహాను తండ్రి జెకర్యా పాట. లూకా పద్ధతిలో మొదటి రోజు ఒక్క గుక్కలో తాగేసిన ఆ 80 వచనాల్లో దాదాపు అన్నీ ఇక్కడ 19 నుంచి 24 దాకా ఆరు రోజులకు వస్తాయి. బిడ్డల కోసం ఏళ్లు ఎదురుచూసిన ఆడవాళ్లందరూ వరుసగా వచ్చి నిలబడినట్టు ఉంటుంది.

తిరుపతిలో ఉండేవాళ్లకు ఇంకొకటి కూడా కనిపిస్తుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే ధనుర్మాసం మొదలవుతుంది. కొండ మీద సుప్రభాతం బదులు తిరుప్పావై, మా వీధిలో ఇంటింటా ముగ్గులు. ఎదురింటి పెద్దమ్మ తెల్లవారుజామున రోజుకొక పాశురం చొప్పున ముప్పై రోజులు పాడుతుంది. ఒకసారి ఊరెళ్లే పని పడితే, "ముందురోజే రెండూ పాడేసుకోకూడదా పెద్దమ్మా?" అన్నాను. "రేపటిది రేపే తల్లీ" అంది. ఆవిడ పాట వేరు, నా వాక్యం వేరు. లెక్క మాత్రం ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను.

పట్టికతో ఇబ్బందులు లేవనను. చేతిలో కాగితమో ఫోనో ఉండాలి. ముక్కలు ముక్కలుగా ఉంటుంది, మధ్యలో వచనాలు వదిలేస్తారు, కథ మొత్తం తెలియనివాళ్లకు తల తోకా దొరకదు. రెండో వారం శనివారం పఠనం సీరా జ్ఞానగ్రంథం నుంచి. అది మా పుట్టింటి బైబిల్లో లేదు. అమ్మ ఆరోజు పేజీలు తిప్పి తిప్పి ఫోన్ చేసింది. ఏలీయా గురించే కాబట్టి 2 రాజులు 2 చదవమన్నాను, సరిపోయింది. మా పెద్దక్క వాళ్ల సంఘంలో అయితే ఆగమన కాలమన్న మాటే లేదు. ఆవిడకు పట్టిక ఇస్తే ఎందుకో చెప్పడానికే అరగంట పడుతుంది.

తప్పిపోయిన రోజుల సంగతి కూడా చూడండి. లూకాలో మూడు రోజులు తప్పితే మూడు అధ్యాయాల అప్పు. నాలుగో రోజు టెన్షన్, ఐదో రోజు మానేయడం. పట్టికలో అప్పు ఉండదు. నిన్నటిది నిన్నటితో పోయింది, ఈరోజుది చదువుకోవడమే.

వాట్సాప్ వాగ్దాన వాక్యాలు, యాప్‌లో వచ్చే ధ్యానాలు, ఆడియోలు కూడా కొందరు అడుగుతారు. పొద్దున్నే నాలుగు గ్రూపుల్లో కొవ్వొత్తి బొమ్మ మీద ఒక్కో వాక్యం వస్తుంది, ఆమెన్ అని పెడతాం, సాయంత్రానికి ఒక్కటీ గుర్తుండదు. పైగా అన్నీ తీపి వాక్యాలే, నోవహు కాలపు జలప్రళయం ఎవరూ పంపరు. గిన్నెలు తోముతూ వినడానికి ఆడియో మంచిదే. అచ్చు పుస్తకాలు పెద్దవాళ్లకు బాగుంటాయి, అక్షరాలు పెద్దవి చూసి కొనండి.

కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవాళ్లు, ఒక్క సువార్త కూడా పూర్తిగా చదవనివాళ్లు లూకానే పట్టుకోండి, వేరే ఆలోచన వద్దు. హాస్టల్లో ఉండే పిల్లలకు కూడా అదే తేలిక. లూకా వదలడం ఇష్టం లేదు, తొందరా వద్దు అనుకునేవాళ్లకు మధ్యేమార్గం ఒకటుంది. మొదటి అధ్యాయం 80 వచనాలు, రెండో అధ్యాయంలో గొల్లలు తిరిగి వెళ్లేదాకా 20. మొత్తం సరిగ్గా 100. రోజుకు నాలుగైదు వచనాలు చొప్పున 24 రోజులకు పంచుకోండి. అమ్మ ఈసారి ఇదే చేస్తానంటోంది, సీరా బెడద ఉండదని.

ఇప్పటికే బైబిలు ఒకటి రెండుసార్లు తిరగేసినవాళ్లకు మాత్రం నా ఓటు పట్టికకే. ఎప్పుడు మొదలవుతుందో చూసుకోండి, ఎందుకంటే ఆగమనం ప్రతి ఏడూ ఒక్క పొడవు ఉండదు. 2022లో నవంబరు 27న మొదలై 28 రోజులు వచ్చింది. 2023లో డిసెంబరు 3న మొదలై 22 రోజులే, నాలుగో ఆదివారం, క్రిస్మస్ ముందురోజు ఒకటే అయ్యాయి. 2026లో నవంబరు 29న మొదలు, 26 రోజులు.

మా ఇంట్లో పట్టిక ఫ్రిజ్ తలుపు మీద అంటించి ఉంది. పోయినేడు 17వ తేదీ వంశావళి చదివింది మా అత్త. తామారు, రాహాబు, రూతు, ఊరియా భార్య, ఒక్కో ఆడమనిషి పేరు దగ్గరా ఆగి, ఆమె ఎవరో చెప్పి, మళ్లీ చదువుతూ, ఐదు నిమిషాల పఠనం ముప్పావు గంట చేసింది. పాప ఈసారి ఆ తేదీ పక్కన పెన్సిల్‌తో రాసిపెట్టుకుంది: "పేర్లు. అవ్వ చదవాలి. ముందే అన్నం తినేయాలి."