సిసిలియన్ మీద స్మిత్-మోరా: బంటు పోయినందుకు గిట్టుబాటేనా?

చదరంగంలో తెల్ల ఇ4కి నల్ల సి5తో బదులిస్తే అది సిసిలియన్. దాని మీద తెల్ల ఆరంభంలోనే ఒక బంటు బలిచ్చే ఆట (అలాంటి బలినే గాంబిట్ అంటారు) స్మిత్-మోరా: 1.ఇ4 సి5 2.డి4 సి×డి4 3.సి3 డి×సి3 4.నైట్×సి3 (× అంటే తినడం, ! మంచి ఎత్తు, ? తప్పు ఎత్తు, అంకె పక్కన మూడు చుక్కలుంటే నల్ల ఎత్తు). ఏళ్ల తరబడి తెల్లతో ఇదే ఆడాక చెబుతున్నాను, ఇది గుడ్డి గాంబిట్ కాదు. ఇంజిన్ (చదరంగం ప్రోగ్రామ్) పెడితే నల్లకి కాస్త మొగ్గు చూపిస్తుందంతే, తెల్ల ఆట కూలిపోయిందని మాత్రం అనదు. పోయిన బంటుకి బదులు నైట్ బయటికొస్తుంది, నల్లది బంట్లు తప్ప ఇంకా ఒక్క పావూ కదలదు, సి ఫైల్ (సి నిలువు వరుస) పూర్తిగా తెరుచుకుంటుంది. ఒక నైట్‌నే ఒక బంటుకి ధారపోసే హాలోవీన్ గాంబిట్‌ని దీంతో ఒకే గాటన కట్టొద్దు. అది కొద్ది నిమిషాల్లో ముగిసే బ్లిట్జ్ సరదాకి తప్ప ఎందుకూ కొరగాదు.

తెల్ల పావులు దాదాపు ఎప్పుడూ ఒకేచోట కూర్చుంటాయి: నైట్ ఎఫ్3, బిషప్ సి4, క్యాజిలింగ్ (రాజునీ రూక్‌నీ ఒకే ఎత్తులో జరపడం), క్వీన్ ఇ2, ఎఫ్1 రూక్ డి1కి. ఆ రూక్ ఎదురుగా నల్ల క్వీన్ డి8లోనే ఉంటే ఇ5 తోసే అదను వచ్చినట్టే.

కొత్తగా నేర్చుకున్నవాళ్లు నల్లతో ఎక్కువగా పడేది ఇక్కడ: 4...నైట్ సి6 5.నైట్ ఎఫ్3 డి6 6.బిషప్ సి4 నైట్ ఎఫ్6? అప్పుడు 7.ఇ5! నైట్‌తో బంటు తింటే 8.నైట్×ఇ5 డి×ఇ5 9.బిషప్×ఎఫ్7 చెక్, క్వీన్ గోవిందా. బంటుతో తింటే క్వీన్లు మారతాయి: 8.క్వీన్×డి8 నైట్×డి8 9.నైట్ బి5 రూక్ బి8 10.నైట్×ఇ5. ఇప్పుడు సి7లో నైట్‌తో మేట్ బెదిరింపు. గాంబిట్ ఆడి క్వీన్లు మార్చుకోవడమేంటని కొందరు ఇక్కడే వెనక్కి తగ్గుతారు. మార్చుకోండి, నిక్షేపంగా గెలుస్తారు.

తెల్లని ముంచేది సైబీరియన్ ఉచ్చు. నల్ల నైట్ సి6, ఇ6, క్వీన్ సి7, ఇంకో నైట్ ఎఫ్6 పెట్టాక అలవాటుగా 8.క్వీన్ ఇ2 ఆడతాం. 8...నైట్ జి4 రాగానే చెయ్యి దానంతటదే హెచ్3 వైపు పోతుంది. 9...నైట్ డి4! ఆ నైట్‌ని తింటే హెచ్2లో క్వీన్‌తో మేట్, జి4 నైట్‌ని తింటే మన క్వీన్ పోతుంది. అందుకే ఎనిమిదో ఎత్తుకి క్వీన్‌ని ముట్టుకోకుండా నైట్ బి5 ఆడాలి. క్వీన్ బి8కి పోతుంది, వెంటనే 9.ఇ5.

నైట్ డి5 బలి చూడ్డానికి బాగుంటుంది, ఊరికే ఇచ్చేది కాదు. నల్ల రాజు ఇ8లోనే ఉండాలి, ఇ ఫైల్ మీద మన క్వీనో రూకో ఉండాలి. నల్ల బిషప్ ఇ7కి వచ్చేసి, తర్వాతి ఎత్తుకే క్యాజిలింగ్ అయ్యేలా ఉంటే చాలాసార్లు ఆ నైట్ వట్టినే పోతుంది. గంటల తరబడి సాగే క్లాసికల్‌లో ఎదుటివాడు అరగంట కూర్చుని లెక్కేస్తాడు. పది, పదిహేను నిమిషాల ర్యాపిడ్‌లో ఆ తీరిక ఉండదు.

అసలు చిక్కు ఒకటుంది. గ్రాండ్‌మాస్టర్లు హరికృష్ణ, హారికల గుంటూరులోనూ, హంపి ఉండే విజయవాడలోనూ కోచింగ్‌కి వెళ్లే పిల్లలు మనం ఇచ్చే సి3 బంటు ముట్టుకోరు. 3...నైట్ ఎఫ్6 4.ఇ5 నైట్ డి5 ఆడేస్తారు, అది అలాపిన్ సిసిలియన్ (తెల్ల రెండో ఎత్తుకే సి3 ఆడే పద్ధతి). 3...డి5 4.ఇ×డి5 క్వీన్×డి5 5.సి×డి4 కూడా అక్కడికే చేరుతుంది. 3...డి3 ఒక్కటే మనకి తేలిక, బిషప్‌తో తినేసి తర్వాత సి4 పెట్టుకోవచ్చు. కాబట్టి మోరా మొదలెట్టే ముందు అలాపిన్ నేర్చుకోండి, ఉచ్చులు ఆ తర్వాత.