సాలూరు రోడ్డు, వానాకాలం, పోలో జీటీ: తడి కోసం ఎంచుకున్న టైర్ల సంగతి

ఈ టైర్ల గురించి మంచి చెప్పమంటే నేను చెప్పేది ఒక్కటే: తడి రోడ్డు మీద బ్రేకు వేస్తే బండి ఆగుతుంది. నవ్వకండి. వాన మొదలయ్యాక విజయనగరం నుంచి సాలూరు దాకా ఒకసారి చీకట్లో నడిపి చూస్తే ఆ మాట విలువ తెలుస్తుంది. మిగతా విషయాల్లో వీటి మీద నాకు ఫిర్యాదులు చాలానే ఉన్నాయి. ఒకదాని మీదైతే కోపమే ఉంది. అవీ రాస్తాను.

బండి ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ, టైరు సైజు 195/55 ఆర్16. అంటే వెడల్పు 195 మిల్లీమీటర్లు, టైరు పక్క గోడ (సైడ్‌వాల్) ఎత్తు అందులో 55 శాతం, రిమ్ము 16 అంగుళాలు. ఇంజను గురించీ గేర్‌బాక్సు గురించీ అందరూ రాసేశారు, నేను కొత్తగా చెప్పేదేం లేదు. టైర్ల కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. పేరు రాస్తే జనం పేరే చూస్తారు, రకం చూడరు. ఈ రకం ఇప్పుడు చాలా కంపెనీలు చేస్తున్నాయి: రబ్బరులో తడి పట్టు కోసం కలిపే సిలికా పొడి ఎక్కువ, ట్రెడ్ (రోడ్డుకి తగిలే భాగం) మధ్య చుట్టూ తిరిగే వెడల్పాటి గాడులు, స్పోర్ట్స్ పేరు పెట్టుకోని మామూలు టూరింగ్ టైరు. చూడ్డానికి ఏమీ ఉండదు. పక్కన నిలబడి ఫొటో తీసుకోవాలనిపించే టైరు కాదు.

నా ఎంపిక వెనక మా బావమరిది ఉన్నాడు. మ్యూనిక్‌లో ఉంటాడు, అక్టోబరు వచ్చిందంటే బండికి వింటర్ టైర్లు వేయిస్తాడు, ఈస్టర్ పండగ దాటాకే విప్పిస్తాడు. అక్కడ అందరూ పాటించే లెక్క అదేనట. ఫోన్‌లో నా గోడు విని, "బావా, నువ్వూ అవే తెప్పించుకో, తడిలో పట్టు అదిరిపోతుంది" అన్నాడు. ఆ సలహా మనకి పనికిరాదు. వింటర్ టైరు రబ్బరు చలికి గట్టిపడకుండా ఉండేలా చేస్తారు. సుమారు 7 డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడే దానివల్ల లాభం. మంచుని పట్టుకోవడానికి ట్రెడ్ నిండా సన్నటి చీలికలు పెడతారు, పక్కన మూడు శిఖరాల కొండ, లోపల మంచురేకు బొమ్మ వేస్తారు. మన విజయనగరంలో భోగి మంట వేసే తెల్లవారుజామున కూడా 7 డిగ్రీలకి దిగదు. అలాంటి టైరు ఇక్కడి మే నెల తారు మీద మెత్తబడి, బ్రేకుకి బండి ఇంకాస్త దూరం పోయి, చూస్తుండగానే అరిగిపోతుంది. కాకపోతే వాడి మాటలో ఒకటి నాకు నచ్చింది. వాడు తన ఊరికి ఏ కాలం కష్టమో దానికి తగ్గ టైరు కొంటున్నాడు. మన కష్టకాలం జూన్‌లో మొదలై, వాయుగుండాలతో కలిపి నవంబరు దాకా ఉంటుంది. దానికి తగ్గది నేనెందుకు వెతకకూడదు?

ఇదే మాట టైర్ల షాపులో అంటే షాపాయన నన్ను ఎగాదిగా చూశాడు. "ఏటి బావూ, వానాకాలానికి గొడుగుంటాది గానీ టైరుంటాదేటి?" అన్నాడు. అని ఊరుకోకుండా 'స్పోర్ట్' అని పెద్దక్షరాలున్న టైరొకటి దొర్లించుకొచ్చాడు. జీటీ బండికి జీటీ టైరు ఉండాలట.

నేను మాత్రం సైడ్‌వాల్ మీద అచ్చు చదివాను. చాలామంది చూడరు గానీ కొన్ని టైర్ల మీద 'ట్రాక్షన్' అని ఉండి పక్కన ఏఏ, ఏ, బీ, సీల్లో ఒకటి ఉంటుంది. తడి రోడ్డు మీద నేరుగా వెళ్తూ బ్రేకు వేసినప్పుడు టైరు ఎంత పట్టిందన్నదానికి ఆ గ్రేడు. అది మలుపులకి వర్తించదు, నిలిచిన నీళ్లకీ వర్తించదు. అయినా నాకు కావలసిన మొదటి సంగతి అదే. యూరప్ నుంచి వచ్చే వాటికి స్టిక్కరు ఉంటే అందులోనూ తడి పట్టుకి విడిగా గ్రేడు ఉంటుంది, ఏ అంటే మేలైనది. తర్వాత నాలుగంకెల తేదీ. 2322 అంటే 2022లో 23వ వారంలో తయారైందని. రెండేళ్లు గోడౌన్‌లో ఉన్న టైరుని 'కొత్తదే' అని అమ్మేవాళ్లున్నారు, అందుకని నాలుగింటి తేదీలూ చూశాను. స్పీడు అక్షరం వీ, అంటే గంటకి 240 కిలోమీటర్లు తట్టుకుంటుందని. రామభద్రపురం కూరగాయల మార్కెట్ ముందు పొద్దున్నపూట 24 దాటగలిగితే నాకు చెప్పండి.

నాలుగూ కలిపి ముప్ఫై వేల పైచిలుకు అయింది.

ఇక ఎందుకు మురిసిపోతున్నానో చెబుతాను. మా వైపు రోడ్ల సంగతి తెలిసినవాళ్లకి అర్థమవుతుంది. ముసురు పట్టి పొలాలు చిత్తడయితే గేదెలు రోడ్డెక్కి పడుకుంటాయి. వాటికి బురద లేని చోటు అదొక్కటే. నల్ల తారు, నల్ల గేదెలు, పైన వాన. అక్టోబరులో వాయుగుండం పట్టిన రోజొకటి, సాలూరు నుంచి వస్తూ గజపతినగరం దాటాను. ఎదురుగా లారీ హైబీమ్ వేసుకుని వస్తోంది, నాది ఎనభై దగ్గర ఉంటుంది. లారీ దాటిపోయి కళ్లకి చూపు వచ్చేసరికి ముందు రోడ్డు మీద గుట్టలు గుట్టలుగా ఏదో ఉంది. గుట్టలకి చెవులున్నాయని తెలిశాక బ్రేకు మీద నిలబడ్డాను.

కాలి కింద పెడల్ గడగడలాడింది, అది చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ పని, దానికి భయపడలేదు. నేను భయపడింది బండి తోక పక్కకి తిరుగుతుందేమోనని. తిరగలేదు. స్టీరింగ్ పట్టుకున్న చేతికి రోడ్డు తెలుస్తూనే ఉంది, నీళ్ల మీద తేలినప్పుడు వచ్చే ఆ ఖాళీతనం లేదు. గీత గీసినట్టు నేరుగా వెళ్లి ఆగింది. మధ్యలో కొంచెం ఎడమకి తిప్పి చూస్తే అటు తిరిగింది కూడా. మా ఆవిడ హ్యాండ్‌బ్యాగ్ మాత్రం డ్యాష్‌బోర్డుకి తగిలి, టిఫిన్ డబ్బా మూత ఊడి, పులిహోర మ్యాట్ల మీద పడింది. బండి ఆగిన చోటు నుంచి మొదటి గేదె మూతి కనిపిస్తోంది, నెమరు వేస్తోంది. హారన్ కొట్టినా లేవలేదు. వెనక ఎవరైనా వచ్చి గుద్దుతారేమోనని హజార్డ్ లైట్లు వేసి, వానలో దిగి, దాని వీపు మీద రెండు చరిస్తే అప్పుడు లేచింది, అదీ తీరిగ్గా.

ఆ రాత్రి నుంచి చాలాకాలం కనిపించిన ప్రతివాడికీ ఈ టైర్ల గురించి ఊదరగొట్టాను. ఇప్పుడు అంత జోరుగా చెప్పను. కారణం ఏమిటంటే, కొన్నప్పుడు బండితో వచ్చిన టైర్లతో ఇదే రోడ్డు మీద జారాననేది నా పోలిక. కానీ అప్పటికి అవి బాగా అరిగిపోయి ఉన్నాయి. కొత్త టైరులో గాడి 7, 8 మిల్లీమీటర్ల లోతుంటుంది. అరిగిన దాని పక్కన ఏ కొత్త టైరు పెట్టినా హీరోలాగే కనిపిస్తుంది. పైగా అదే రోజు అలైన్‌మెంట్ చేయించాను, గాలి కూడా సరిచూశాను. కాబట్టి గేదెని కాపాడిన పుణ్యంలో ఈ రబ్బరు వాటా ఎంతో, లోతు వాటా ఎంతో నేను విడదీసి చెప్పలేను.

ఇప్పుడు కోపం సంగతి. ఈ రకం టైర్లకి సైడ్‌వాల్ మెత్తన, మా సైజుకి ఎత్తు తక్కువ. 195లో 55 శాతం అంటే 107 మిల్లీమీటర్లు, అంతే. రిమ్ముకీ గోతికీ మధ్య ఉన్న రక్షణ అది. మరుసటి ఏడాది దసరా అయిన వారంలో, రామభద్రపురం దాటాక నీళ్లు నిలిచిన గొయ్యిలో ముందు ఎడమ చక్రం పడింది. నీటి అడుగున ఏముందో పైనుంచి ఎవరికి కనపడుతుంది? 'ధడ్' మంది. గాలి దిగలేదు, స్టీరింగ్ లాగలేదు, ఇంటికొచ్చేశాను. తెల్లారి బండి కడుగుతుంటే చేతికి తగిలింది: సైడ్‌వాల్ మీద నిమ్మకాయంత బుడిపె.

అదే షాపు, అదే మనిషి. "గాలి కొంచెం తగ్గించి వెనక్కి ఏసేద్దాం బావూ, ఇంకో ఐదు వేల కిలోమీటర్లు తిరిగేత్తాది." వద్దన్నాను. బుడిపె అంటే లోపలి దారాలు తెగిపోయాయని అర్థం. ఇప్పుడు గాలిని ఆపుతున్నది పైనున్న పల్చటి రబ్బరు ఒక్కటే. దానికి ప్యాచీ లేదు, రిపేరు లేదు. ఎప్పుడు పేలుతుందో అది చెప్పదు. గాలి తగ్గిస్తే సైడ్‌వాల్ ఇంకా ఎక్కువ నలిగి వేడెక్కుతుంది తప్ప మేలేమీ జరగదు. వారంటీ అడిగితే, గోతి దెబ్బ తయారీ లోపం కాదు కాబట్టి రాదన్నారు. న్యాయంగా చూస్తే అది నిజమే, అయినా ఒళ్లు మండింది.

అసలు మంట ఆ తర్వాత. ఈ సైజులో ఈ మోడల్ విజయనగరంలో ఏ షాపులోనూ లేదు. విశాఖ నుంచి రావాలి. అది పైడితల్లమ్మ సిరిమాను వారం, పార్సిల్ లారీ ఇదిగో అదిగో అంటూ రోజులు నెట్టారు. స్టెప్నీ చూస్తే ఒక అంగుళం చిన్న స్టీల్ రిమ్ము. ముందు లాగే చక్రాల్లో ఒకటి చిన్నదీ ఒకటి పెద్దదీ అయితే గేర్‌బాక్సుకి మంచిది కాదని, వెనక నుంచి ఒక మంచి చక్రం ముందుకి మార్చి, స్టెప్నీని వెనక పెట్టించాను. అలా మెల్లగా, అవసరమైనంత మేరకే తిరిగాను. పండక్కి చుట్టాలొస్తే వాళ్లని స్టేషను నుంచి ఆటోలో తెచ్చాం. ఇంట్లో జీటీ, వాకిట్లో ఆటో. ఆ మాట మా మావయ్య ఇప్పటికీ అంటాడు.

ఒక్కటే కాకుండా జతగా తెప్పించిన కొత్తవి రెండు వచ్చాక ఇంకో పంచాయితీ. ఇంజను లాగేది ముందు చక్రాలే కాబట్టి కొత్తవి ముందు వేయాలని షాపాయన, వెనక వేయాలని నేను. ఈ విషయంలో టైరు కంపెనీల సలహా నావైపే ఉంది. తడిలో ముందు టైర్లు జారితే బండి నేరుగా పోతుంది, యాక్సిలరేటర్ వదిలితే మనలాంటి మామూలువాళ్లం కూడా ఎంతోకొంత సర్దుకోగలం. వెనకవి జారితే బండి గిర్రున తిరుగుతుంది, అప్పుడు చేయగలిగింది తక్కువ. చివరికి వెనకే వేశాడు, "బండి మీది, ఇష్టం మీది" అని గొణుక్కుంటూ.

ఇప్పటి పరిస్థితి: ముందు జత లోతు 4 మిల్లీమీటర్ల లోపుకి వచ్చింది, తడిలో మొదటి ఏడాది ఉన్న ధీమా లేదు. నీళ్లు నిలిచిన చోట స్టీరింగ్ ఒక్క క్షణం తేలికవడం మళ్లీ మొదలైంది. చట్టం ప్రకారం 1.6 మిల్లీమీటర్ల దాకా వాడుకోవచ్చు, గాడిలో అడ్డంగా ఉండే చిన్న దిమ్మలు అది చూపించడానికే. కానీ వాన కోసం కొన్న టైరుని నేను 3 దగ్గరే మార్చేస్తాను. సిమెంటు రోడ్డు మీద మోత పెరిగింది, పాటల సౌండు పెంచాల్సి వస్తోంది. సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కేటప్పుడు పొడి రోడ్డు మలుపుల్లో బండి కాస్త ఒరిగినట్టు, ఒక అర క్షణం ఆలస్యంగా తిరిగినట్టు ఉంటుంది. జీటీ కొన్నది ఆ మలుపుల కోసమే అయితే ఈ టైరు మీకు చప్పగా ఉంటుంది. ఆ షాపాయన దొర్లించుకొచ్చిన 'స్పోర్ట్' టైరే నచ్చొచ్చు.

నాకైతే వారంలో ఎక్కువ రోజులు సాలూరు రోడ్డే, తిరిగొచ్చేది చీకటి పడ్డాకే, వెనక సీట్లో తరచూ పిల్లలుంటారు. ఆ లెక్కలో మళ్లీ ఈ రకమే కొంటాను. ఆనందపురం దగ్గర హైవే ఎక్కి విశాఖ ఆఫీసుకి పగలు వెళ్లొచ్చేవాళ్లకి ఇంత ఖర్చు అవసరమా అంటే, కాకపోవచ్చు. మారుస్తానంటే రబ్బరు కాదు, సైజు మారుస్తాను. 15 అంగుళాల రిమ్ములకి 195/60 వేస్తే చక్రం ఎత్తు ఇంచుమించు అంతే ఉండి, సైడ్‌వాల్ ఒక సెంటీమీటరు పెరుగుతుంది. డిస్కుని నొక్కిపట్టే బ్రేకు క్యాలిపర్‌కి తగలకుండా కూర్చునే రిమ్ములు దొరికితే జూన్ లోపు ఆ పని పూర్తి చేయాలని ఉంది. చిన్న చక్రాలతో బండి అందం పోతుందని మా అబ్బాయి ఇప్పటికే గొడవ మొదలెట్టాడు.