గేటు నుంచి గుమ్మం దాకా: సావో పాలో మెట్రోకి నా మార్కులు

ముందే చెప్పేస్తున్నాను, ఐదుకి నాలుగున్నర. అర మార్కు ఎక్కడ కోశానో కింద రాశాను.

నేను హైదరాబాద్‌లో ఒక మందుల కంపెనీలో రెగ్యులేటరీ విభాగంలో పనిచేస్తాను. మా మాత్రలు ఇంకో దేశంలో అమ్మాలంటే అక్కడి ప్రభుత్వానికి కట్టలకొద్దీ కాగితాలు పంపాలి, ఆ పని మాది. బ్రెజిల్ ఫైళ్ళు నా టేబుల్ మీదికొచ్చి ఆరేళ్ళయింది. ఇన్నాళ్ళూ కాగితాలే వెళ్ళేవి, 2024 నవంబరులో నన్నూ సావో పాలోకి పంపారు. పదకొండు రోజులు, ఒక్కదాన్నే. హనుమకొండలో మా అమ్మ "అంత దూరం ఒక్కదానివే పోతవా బిడ్డా?" అని మూడుసార్లు అడిగింది. మా ఆయన ఏమీ అనలేదు గానీ రాత్రిళ్ళు యూట్యూబ్‌లో సావో పాలో ఫోన్ల దొంగతనాల వీడియోలు చూస్తూ కూర్చునేవాడు. నేనూ పక్కన చేరి చూశాను. చూడకుండా ఉండాల్సింది.

వెళ్ళే ముందు అందరూ ఇచ్చిన సలహా ఒకటే, "క్యాబ్‌లోనే తిరుగు, మెట్రో జోలికి పోకు." సలహా ఇచ్చినవాళ్ళెవరూ ఆ ఊరు చూసినవాళ్ళు కాదు. అక్కడికెళ్ళాక మేం పనిచేసే ఆఫీసులో ఒకావిడ దానికి పూర్తిగా తిరగేసి చెప్పింది. ఆవిడ పుట్టింది, పెరిగింది సావో పాలోలోనే. "పగలు మెట్రోలో తిరుగు. రాత్రి పొద్దుపోతే క్యాబ్. కానీ గది మాత్రం స్టేషన్‌కి ఆనుకుని ఉండాలి. ఇక్కడ ప్రమాదం రైల్లో కాదు, స్టేషన్ గేటు నుంచి నీ గుమ్మం దాకా ఉండే రోడ్డు మీద." పదకొండు రోజుల్లో నాకూ అదే నిజమనిపించింది.

నా గది పౌలిస్తా స్టేషన్‌కి దగ్గర. మొదటిరోజే లెక్కపెట్టాను, మెట్లెక్కి పైకొచ్చాక 340 అంగలు. ఆఫీసు ఫరియా లిమా స్టేషన్ పక్కన. నాలుగో లైన్‌లో మధ్యలో ఆస్కార్ ఫ్రెయిరె, ఫ్రజికి కొచీన్యో, ఆ తరవాత దిగడమే. ఈ నాలుగో లైన్‌ని పసుపు లైన్ అంటారు. 2010లో మొదలైంది, డ్రైవరు ఉండడు. ప్లాట్‌ఫామ్ అంచున అద్దాల తలుపులుంటాయి, రైలొచ్చి ఆగాకే తెరుచుకుంటాయి. మొదటి పెట్టెలో ముందు అద్దం దగ్గర నిలబడితే సొరంగమంతా కనిపిస్తుంది. అక్కడ చిన్నపిల్లలు పోటీపడుతుంటారు. వాళ్ళతో నేనూ పోటీపడ్డానని ఒప్పుకుంటున్నాను.

టికెట్ అప్పట్లో 5 రియాల్స్, అంటే మన డబ్బుల్లో డెబ్బై రూపాయల పైచిలుకు. మూడు స్టేషన్లకైనా అంతే, ఊరి ఆ చివర నుంచి ఈ చివరకైనా అంతే. మన మెట్రోలో దూరాన్ని బట్టి లెక్క కట్టే అలవాటు నాది, మొదట్లో మూడు స్టేషన్లకి ఇంతా అనిపించింది. తరవాత లైన్ మారి ఊరి అవతలికి వెళ్ళొచ్చినప్పుడు ఆ బాధ తీరింది. నేను ఒకేసారి రెండు టికెట్లు కొనేదాన్ని, పోవడానికొకటి, రావడానికొకటి. సాయంత్రం రద్దీలో పర్సు తీసే పని ఉండదు.

ఎస్కలేటర్ మీద అందరూ కుడిపక్కన నిలబడతారు, ఎడమవైపు తొందరున్నవాళ్ళకి వదిలేస్తారు. మొదటిరోజు తెలియక ఎడమవైపు నిలబడ్డాను. వెనకనుంచి ఎవరో "లిసెన్సా, మోసా" అన్నారు. కాస్త జరగమ్మాయ్ అని. నలభై ఆరేళ్ళ నన్ను అమ్మాయ్ అన్నందుకు తప్పు నాదే అయినా సంతోషంగా జరిగాను. అక్కడ ఏ వయసు ఆడమనిషినైనా మోసా అనే పిలుస్తారని తరవాత తెలిసింది. సంతోషం కొంచెం తగ్గింది.

రెండోరోజు ప్లాట్‌ఫామ్ మీద అలవాటుకొద్దీ ఆడవాళ్ళ పెట్టె ఎక్కడాగుతుందా అని వెతికాను. హైదరాబాద్ మెట్రోలో మొదటి పెట్టెలో మనకో భాగం ఉంటుంది కదా. ఇక్కడ లేదు. రియో మెట్రోలో పొద్దున, సాయంత్రం రద్దీ వేళల్లో ఆడవాళ్ళకి విడిగా పెట్టె ఉంది. సావో పాలోలో 2014లో అలాంటి చట్టమే శాసనసభ దాటింది కానీ గవర్నర్ వీటో చేశాడు. దీనికి అప్పట్లో ఆడవాళ్ళ సంఘాల్లోనే చాలామంది వ్యతిరేకమట. తప్పు చేసేవాణ్ణి వదిలేసి మమ్మల్ని పెట్టెలో పెడతారా అని వాళ్ళ వాదన. ఆఫీసులో ఆవిడ కూడా ఆ పక్షమే. నేను మాత్రం హైదరాబాద్‌లో రోజూ ఆ పెట్టె ఎక్కేదాన్ని, నాకు అది కావాలి. దీని మీద ఇద్దరం ఒక మధ్యాహ్నమంతా వాదించుకున్నాం, తేలలేదు.

ఆవిడే ఇంకో సంగతి చెప్పింది. 2017లో ఊరి ముఖ్యమైన రోడ్డు అవెనీదా పౌలిస్తాలో నడుస్తున్న బస్సులో ఒకడు ఒకామె మీద చెప్పరాని పని చేశాడు. పోలీసులు పట్టుకున్నారు, మర్నాడే జడ్జి వదిలేశాడు. దానికి సరిపడే చట్టం లేదు, జరిమానాతో పోయే చిన్న నేరం కింద లెక్క. ఊరంతా గగ్గోలెత్తింది. 2018లో కొత్త చట్టం వచ్చింది, ఇప్పుడు అలాంటి పనికి ఏడాది నుంచి ఐదేళ్ళ దాకా జైలు. ఎవరైనా వెకిలివేషాలేస్తే ఊరుకోకు, స్టేషన్ సిబ్బందికి చెప్పు, పోలీసుకి 190, ఆడవాళ్ళ హెల్ప్‌లైన్ 180 అని నా నోట్‌బుక్‌లో పెద్దక్షరాలతో రాసిచ్చింది. ఆడవాళ్ళ పోలీస్ స్టేషన్లు బ్రెజిల్‌లో మొదలైంది కూడా ఈ ఊళ్ళోనే, 1985లో. మా కోజికోడ్‌లో 1973లోనే పెట్టారమ్మా అన్నాను. నాది కోజికోడ్ కాదు, అయినా అంతదూరం వెళ్ళాక కోజికోడ్ కూడా మనదే.

ఇక స్టేషన్ బయట రోడ్డు సంగతి.

మంగళవారం మాస్పి మ్యూజియానికి టికెట్ ఉండదు. సాయంత్రం పనయ్యాక వెళ్ళాను. లీనా బో బార్ది గీసిన భవనం అది, 1968లో తెరిచారు. ఎర్ర స్తంభాలు అటు రెండు, ఇటు రెండు. మధ్యలో డెబ్బై మీటర్ల పైన ఖాళీ, ఆ ఖాళీ మీద భవనమంతా వేలాడుతున్నట్టుంటుంది. ఫోటో తీయాలనిపించింది. ఫుట్‌పాత్ అంచుకి వెళ్ళి, రోడ్డుకి వీపు పెట్టి, ఫోన్ పైకెత్తాను. సరిగ్గా ఎలా నిలబడకూడదో అలా. ఎదురుగా పత్రికల బంకులో ముసలాయన "మోసా! ఉ సెలులార్!" అని అరిచాడు, అమ్మాయ్, ఫోన్ అని. నేను తల తిప్పేలోపు నా మోచేతి పక్కనుంచి గాలి కొట్టింది. సైకిల్ మీద ఒక కుర్రాడు, వీపున డెలివరీ పెట్టె, హ్యాండిల్ మీద ఒకటే చెయ్యి. రెండో చెయ్యి నా ఫోన్ కవరు దాకా వచ్చింది. ఫోన్‌కి తాడు కట్టి మణికట్టుకి చుట్టుకున్నాను కాబట్టి ఆ తాడు చర్రున లాగింది, ఫోన్ నా చేతిలోనే ఉండిపోయింది. వాడు వెనక్కి కూడా చూడలేదు, అంతే తీరుబడిగా సైకిల్ తొక్కుకుంటూ పోయాడు. మణికట్టు మీద ఎర్రగీత రెండు రోజులుంది. ఆ తాడు కోఠీలో అరవై రూపాయలకి కొన్నది.

తాడు కట్టడం మంచిదేనా అని ఆఫీసులో ఆవిణ్ణి అడిగితే ససేమిరా అంది. తాడుంటే మనిషిని కూడా ఈడ్చుకెళ్తారు, పోతే ఫోనే పోనీ అంటుంది. వాళ్ళ దగ్గర చాలామంది రెండు ఫోన్లు పెట్టుకుంటారు, మంచిది లోపల, పాతది చేతిలో. ఆ పాతదాన్ని దొంగ ఫోన్ అంటారు. దొంగతనం చేసిన ఫోన్ అని కాదు, దొంగ కోసం ఉంచిన ఫోన్ అని. పోయిన ఫోన్‌ని, అందులోని బ్యాంకు యాప్‌లని ఒక్క దెబ్బతో నిలిపేయడానికి అక్కడి ప్రభుత్వం 2023 డిసెంబరులో ఒక యాప్ కూడా తెచ్చింది. సమస్య ఎంత పెద్దదో దాన్నిబట్టే తెలుస్తుంది.

ఆ తరవాత రోడ్డు మీద ఫోన్ తీయడం మానేశాను. మరి దారి చూసుకోవాలంటే? మందుల షాపులోకి వెళ్ళేదాన్ని. సావో పాలోలో మూలకొకటి ఉంటుంది, లైట్ల వెలుగు, ఏసీ, లోపల మనుషులు. అర్ధరాత్రి కూడా తెరిచి ఉండేవి బోలెడు. అరల మధ్య నిలబడి మ్యాప్ చూసుకుని, ఒక నీళ్ళ సీసా కొనుక్కుని బయటపడచ్చు. నాకైతే ఇంకో లాభం. జెనరిక్ మందుల డబ్బాల మీద పసుపు పట్టీ, దానిమీద పెద్ద జి అక్షరం ఉంటుంది. 1999 జెనరిక్స్ చట్టం తరవాత వచ్చిన పద్ధతి అది. ఆ పట్టీ ఎంత వెడల్పుండాలి అని నేను ఎన్ని మెయిళ్ళు రాశానో నాకే తెలుసు. అది నిజంగా ఒక అరలో కూర్చుని, ఎవరో ముసలమ్మ తీసుకుని కళ్ళజోడు సర్దుకుని చదువుతుంటే చూడ్డం బాగుంది. దారి తప్పకపోయినా రెండు షాపుల్లోకి వెళ్ళాను.

గుమ్మం దగ్గర ఇంకో ఏర్పాటు ఉంది, మొదటిసారి చూస్తే భయమేస్తుంది. అపార్ట్‌మెంట్‌కి రెండు ఇనప గేట్లు. మొదటిది తెరిచి మీరు లోపలికెళ్ళాక అది వెనక మూసుకుంటుంది. రెండోది ఇంకా తెరుచుకోదు. పంజరంలో నిలబడినట్టుంటుంది. నల్ల అద్దం వెనక నుంచి వాచ్‌మన్ మిమ్మల్ని చూసి, వెనక ఎవరూ దూరలేదని రూఢి చేసుకున్నాకే రెండోది నొక్కుతాడు. మొదటిరాత్రి ఆ పది సెకన్లు ఊపిరాడలేదు. నాలుగోరోజుకి ఆ పంజరంలోకొచ్చి పడితేనే ఊపిరాడేది. గది తీసుకునేటప్పుడు మంచం, టీవీ తరవాత చూసుకోండి, రాత్రంతా వాచ్‌మన్ ఉంటాడా, రెండు గేట్లున్నాయా, ఈ రెండూ అడగండి.

శనివారం పినకొటేకా అనే చిత్రకళా మ్యూజియానికి వెళ్ళాను, శనివారాలు దానికీ టికెట్ లేదు. లూస్ స్టేషన్‌కి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. నా గది నుంచి అదే పసుపు లైన్, మూడో స్టేషన్. ఆ లూస్ రైల్వే స్టేషన్ భవనం 1901 నాటిది, ఇటుకలు, గడియారం స్తంభం, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ నేను వెళ్ళినప్పటికి ఆ చుట్టుపక్కల వీధుల్లోనే ఏళ్ళ తరబడి మత్తుమందులకి బానిసలైనవాళ్ళు గుంపులుగా రోడ్డు మీద బతుకుతుండేవారు. క్రకొలాంజియా అంటారు ఆ ప్రాంతాన్ని. నేను పొద్దున పదకొండింటికి వెళ్ళి, స్టేషన్ బయటికొచ్చి, రోడ్డు దాటి మ్యూజియంలోకి, మళ్ళీ అదే దారిలో వెనక్కి. ఫోటోకోసం వీధి చివరిదాకా నడవలేదు. నాలుగు అంగల తేడాతో ఊరు మారిపోతుందక్కడ, ఆ సంగతి మ్యాప్‌లో కనపడదు. అవెనీదా పౌలిస్తా మీద మాత్రం ఆదివారం పగలు కాస్త నిశ్చింతగా తిరగచ్చు, కార్లు ఆపేస్తారు, ఊరంతా రోడ్డు మీదే ఉంటుంది.

ఒంటరిగా తిండి ఎలా అని అడిగేవాళ్ళకి ఒక్కమాట: తూకం హోటళ్ళు. పళ్ళెంలో కావాల్సింది వడ్డించుకుంటే తూచి డబ్బు తీసుకుంటారు. అన్నం, నల్ల చిక్కుడుగింజల పులుసు, కూరలు. ఒక్కరేనా అని ఎవరూ అడగరు. శాకాహారులు "కార్నె వద్దు" అని ఊరుకోకండి. కార్నె అంటే వాళ్ళ లెక్కలో గొడ్డుమాంసం, కోడి అందులోకి రాదు. "సోవ్ వెజెటరియానా", అంటే శాకాహారిణిని, అనాలి.

ఇప్పుడు ఆ అర మార్కు. నేను వెళ్ళినప్పుడు మెట్రో తెల్లవారుజామున 4:40కి మొదలై అర్ధరాత్రికి ఆగిపోయేది, శనివారం ఒంటిగంట దాకా ఉండేది. ఆడమనిషికి రైలు ఎక్కువ అవసరమైన వేళే అది ఉండేది కాదు. ఇక విమానాశ్రయం గ్వారుల్యోస్‌లో, ఊరికి దూరం. అటు వెళ్ళే పదమూడో లైన్ 2018లో వచ్చింది కానీ స్టేషన్ టెర్మినళ్ళకి ఎడంగా ఉంది. నేను వెళ్ళినప్పుడు అక్కణ్ణుంచి బస్సే గతి. పెట్టెలతో, అలసటతో, కొత్త ఊళ్ళో ఆ మార్పులన్నీ వద్దు. లోపల కౌంటర్లో డబ్బు కట్టే ట్యాక్సీ తీసుకోండి. బయట భుజం పట్టుకుని పిలిచేవాడితో వెళ్ళకండి. సిటీ బస్సుల్లో ఒక మంచి పద్ధతి ఉంది, రాత్రి పది దాటాక ఆడవాళ్ళు స్టాపు కాని చోట కూడా ఆపమని అడగచ్చు. 

సాయంత్రం ఆరింటికి రైల్లో ఇసుక వేస్తే రాలదు. తలుపు దగ్గరికి వెళ్ళాలంటే ముందున్నవాళ్ళని "వై దెసేర్?" అని అడుగుతారు, దిగుతున్నారా అని. చివరిరోజు ఒకామె నన్ను అడిగింది. "వో" అన్నాను, దిగుతున్నా అని. ఆమె సరేనని నా వెనకే నిలబడింది.

వీసా ముందే తీసుకోవాలి, అది అందరికీ తెలుసు. తెలియనిది ఎల్లో ఫీవర్ టీకా. అది లేకుండా బ్రెజిల్ నుంచి తిరిగొస్తే మన దేశంలోనే క్వారంటైన్‌లో పెడతారు. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. నేను నారాయణగూడలో ప్రభుత్వ సంస్థ ఐపీఎంలో వేయించుకున్నాను. శంషాబాద్‌లో దిగినప్పుడు నన్ను పాస్‌పోర్టు కన్నా ముందు అడిగింది ఆ టీకా వేయించుకున్నట్టు రాసిచ్చిన పసుపు పుస్తకమే. చెకిన్ బ్యాగులో పడేయకండి.