ఎలిజబెత్ ఇంచ్‌బాల్డ్ తొలి వేషాల దారిలో బ్రిస్టల్, యార్క్, లండన్

ఈ ట్రిప్ ఐడియా మా తమ్ముడిది. వాడికి చిన్నప్పట్నుంచీ నత్తి, ఎక్కడో చదివి చెప్పాడు, 1753లో ఇంగ్లండ్‌లోని సఫోక్‌లో ఒక రైతు ఇంట్లో పుట్టిన ఎలిజబెత్ సింప్సన్‌కి కూడా నత్తి ఉండేదని, అయినా స్టేజ్ ఎక్కి తీరాలని నోరు తిరగని మాటలన్నీ కాగితం మీద రాసుకుని ప్రాక్టీస్ చేసేదని, 18 ఏళ్లకి ఇంట్లో చెప్పకుండా లండన్ వెళ్లిపోయిందని. పెళ్లయ్యాక ఎలిజబెత్ ఇంచ్‌బాల్డ్‌గా మారి తర్వాత పేరున్న నాటక రచయిత్రి అయ్యింది. ఇంక ఇద్దరం బయల్దేరాం.

ముందే చెప్పేస్తా, టైమ్ తక్కువుంటే లండన్ వదిలేసి బ్రిస్టల్ వెళ్లండి. లండన్ ప్యాడింగ్టన్ నుంచి ట్రైన్‌లో దాదాపు గంటా ముప్పావు, స్టేషన్ నుంచి కింగ్ స్ట్రీట్‌కి నడిచే వెళ్లొచ్చు. అక్కడున్న బ్రిస్టల్ ఓల్డ్ విక్ థియేటర్ 1766లో మొదలైంది, ఇప్పటికీ నాటకాలు ఆడుతూనే ఉంది. మొదట్లో లైసెన్స్ లేక సంగీత కచేరీ పేరు చెప్పి నాటకాలు వేసేవాళ్లట, రాజముద్ర 1778లో గానీ రాలేదు. 1772 సెప్టెంబర్ 4న ఎలిజబెత్ మొట్టమొదటి వేషం కట్టింది ఈ ఊళ్లోనే, షేక్‌స్పియర్ నాటకం కింగ్ లియర్‌లో రాజు లియర్ కూతురు కార్డీలియాగా. లియర్ ఎవరనుకున్నారు, ఆ జూన్‌లోనే పెళ్లాడిన మొగుడు జోసఫ్ ఇంచ్‌బాల్డ్! వయసులో చాలా పెద్దవాడు, కొత్త పెళ్లికూతురు స్టేజ్ మీద ఆయనకి కూతురైంది. ఓల్డ్ విక్ థియేటర్ కప్పు లోపల చెక్క కాలువల్లాంటివి ఉన్నాయి, వాటిలో గుండ్లు దొర్లిస్తే హాలంతా ఉరుము వినిపిస్తుంది, లియర్‌లో తుఫాను సీన్ ఉంది కదా, అది తల్చుకుంటే నాకు ఒళ్లు జలదరించింది.

థియేటర్ లోపల తిప్పి చూపించే టూర్ రోజూ ఉండకపోవచ్చు, డేట్ చూసుకుని టికెట్ బుక్ చేసుకోండి. మా గైడ్ గారు చాలా మంచావిడ. తమ్ముడు ఒక ప్రశ్న అడగడానికి చాలాసేపు పట్టింది, ఆవిడ మాట అందించకుండా, వాచీ చూడకుండా వాడు పూర్తి చేసేదాకా ఆగి అప్పుడు జవాబు చెప్పింది. నాకు కళ్లు చెమర్చాయి.

స్టే మాత్రం బాలేదు. హార్బర్ పక్కన వ్యూ చూసి తీసుకున్న రూమ్, కింద పబ్, రాత్రి రెండింటిదాకా గోల. వీకెండ్ అయితే కింగ్ స్ట్రీట్‌కి కాస్త దూరంగా తీసుకోండి.

అక్కడ్నుంచి యార్క్, ట్రైన్‌లో దాదాపు నాలుగు గంటలు. మధ్యలో ఎలిజబెత్ నాలుగేళ్లు స్కాట్లండ్‌లో ఊరూరా ఆడింది, మేం అంత దూరం వెళ్లలేదు. 1776లో ఫ్రాన్స్ వెళ్లొచ్చాక చేతిలో డబ్బుల్లేక మొగుడూ పెళ్లాం పొలాల్లో టర్నిప్ దుంపలు తిని కడుపు నింపుకున్నారట. తర్వాత యార్క్‌లో టేట్ విల్కిన్‌సన్ నాటక కంపెనీలో చేరారు. యార్క్ థియేటర్ రాయల్ ఉంది గానీ చాలా మార్చేశారు, ఆవిడ చూసిన రూపం కనపడదు, ఊరు మాత్రం అద్భుతం, ఒక రాత్రి చాలు. మేం దిగిన బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్‌లో వెజిటేరియన్ అని ముందే చెప్తే వేరే పెనంలో వండి పెట్టారు. పక్కనే లీడ్స్, 1779లో జోసఫ్ హఠాత్తుగా పోయింది అక్కడే, ఆవిడకి అప్పటికి పాతికేళ్లు.

లండన్‌లో 1780లో ఆవిడ మొదటిసారి ఆడిన కోవెంట్ గార్డెన్ థియేటర్ 1808లో కాలిపోయింది, ఇప్పుడున్నది తర్వాత కట్టింది. హేమార్కెట్‌లో పాత చిన్న థియేటర్ కూడా లేదు. అయినా అక్కడ పేవ్‌మెంట్ మీద కాసేపు నిలబడ్డాం, ఎందుకంటే 1784 జులై 6న ఆవిడ రాసిన మొదటి నాటకం ఆడింది అక్కడే. బెలూన్‌లో ఎగిరిన ఒక చెప్పులు కుట్టేవాడు, వాడి పెళ్లాం, ఒక డాక్టరు ముగ్గురూ వచ్చి మొగల్ చక్రవర్తి అంతఃపురం తోటలో పడతారు, అదీ కథ. ఆ నాటకానికి 100 గినీలు (అప్పటి ఇంగ్లండ్ బంగారు నాణేలు) ఇచ్చారు. అందులో తనే ఒక వేషం వేసింది, రాసింది తనేనని జనానికి తెలీదు, స్టేజ్ మీద భయంతో పాత నత్తి మళ్లీ వచ్చేసింది. ఇదంతా తమ్ముడే నాకు చెప్పాడు, ఆ ట్రాఫిక్ హోరులో, మెల్లగా, ఒక్కో మాటా.