చెమట ప్యాచా, వేలికి సూదా, వాచీయా: ఆటోఇమ్యూన్ జబ్బుకి ఇంట్లో ఏది మేలు?

ఒంటి రక్షణ వ్యవస్థ ఒంటి మీదే దాడి చేస్తే దాన్ని ఆటోఇమ్యూన్ జబ్బంటారు. టైప్ 1 డయాబెటిస్ కూడా అలాంటిదే. అందులో చేతికి అంటించుకున్న సెన్సర్ రోజుల తరబడి షుగర్ చెబుతూనే ఉంటుంది. మరి కీళ్లవాతానికి, లూపస్‌కి (చర్మం, కీళ్ల నుంచి కిడ్నీల దాకా పాకే ఆటోఇమ్యూన్ జబ్బు) అలాంటిది ఎందుకు లేదు? గ్లూకోజు ఒంట్లో పుష్కలంగా ఉంటుంది. దాన్ని పట్టే ఎంజైము పని కాగానే మళ్లీ ఖాళీ అయిపోతుంది. ఇంటర్‌ల్యూకిన్-6 లాంటి వాపు సంకేతాలు మాత్రం మిల్లీలీటరు రక్తంలో పికోగ్రాముల (గ్రాములో లక్ష కోట్లవ వంతు) లెక్కన ఉంటాయి. పైగా వాటిని పట్టడానికి సెన్సర్‌లో పెట్టే యాంటీబాడీ అనే ప్రొటీన్ ఓ పట్టాన వదలదు. అందుకే ఈ రకం సెన్సర్లు చాలావరకు ఒక్కసారి వాడి పారేసేవే.

చెమట ప్యాచ్ సంగతి రెండు ముక్కల్లో చెప్పేయొచ్చు. చెమటలో సీఆర్‌పీని (ఒంట్లో వాపుంటే పెరిగే ప్రొటీన్) కొలిచే ప్యాచ్‌ని 2023లో కాల్‌టెక్ పరిశోధకులు చూపించారు. సూది లేదు, నొప్పి లేదు. కానీ దాన్ని నమ్ముకుని మందులు మార్చే దశ ఇంకా రాలేదు.

ఇప్పటికైతే కీళ్లవాతానికి వేలికి సూది పద్ధతే నయం. ఒక చుక్క రక్తం, కొన్ని నిమిషాలు, ఒక అంకె. సీఆర్‌పీని కాలేయం తయారు చేస్తుంది. వాపు మొదలైన కొన్ని గంటల్లోనే పెరుగుతుంది, కారణం పోతే సుమారు 19 గంటలకోసారి సగమవుతూ దిగుతుంది. కాబట్టి పొద్దున్నా సాయంత్రం గుచ్చుకోవడం వృథా. ఇంకో చిక్కు, జలుబు చేసినా, పంటికి చీము పట్టినా ఇది పెరుగుతుంది. ఇంటర్‌ల్యూకిన్-6ని అడ్డుకునే టోసిలిజుమాబ్ అనే కీళ్లవాతం మందు వాడేవాళ్లలో అయితే ఇన్ఫెక్షన్ ఉన్నా పెరగకపోవచ్చు. వాళ్లకి ఈ మీటరు ఇచ్చేది ఉత్త ధైర్యమే.

లూపస్‌లోనూ సీఆర్‌పీ దగా చేస్తుంది. జబ్బు తిరగబెట్టినా చాలామందిలో పెద్దగా కదలదు. అక్కడ నా ఓటు ఏ గాడ్జెట్‌కీ కాదు, మామూలు మూత్రం స్ట్రిప్‌కే. పొద్దున మొదటి మూత్రంలో ముంచి, డబ్బా మీద రాసినంతసేపు ఆగి, ప్రొటీన్ గడి రంగు పోల్చుకోవాలి. కిడ్నీ దెబ్బతింటుంటే నొప్పి తెలియదు, ప్రొటీన్ ఉంటే ఆకుపచ్చకి తిరిగే ఈ గడి మాత్రం పట్టిస్తుంది. జ్వరంలోనూ, బాగా వ్యాయామం చేశాకా తప్పుగా చూపొచ్చు. మళ్లీ చూడాలి.

పేగు జబ్బులకి, అంటే క్రోన్స్, అల్సరేటివ్ కొలైటిస్‌లకి, మలంలో కాల్‌ప్రొటెక్టిన్ (పేగులో వాపుంటే పెరిగే ప్రొటీన్) కొలిచే ఇంటి కిట్లున్నాయి. ఫోన్ కెమెరాతోనే ఫలితం చదువుతాయి. గ్రాముకి 50 మైక్రోగ్రాముల లోపుంటే నిశ్చింత, 250 దాటితే సాధారణంగా లోపల వాపున్నట్టే. శాంపిల్ తీయడం ఎవరికీ ఇష్టముండదు, అయినా ఎక్కడ వాపో అక్కడి నుంచే వచ్చే కబురు ఇది. ఇబుప్రొఫెన్ లాంటి నొప్పి బిళ్లలు కూడా అంకెని పెంచుతాయని గుర్తుంచుకోవాలి.

ఇక స్మార్ట్‌వాచ్. అది వాపుని కొలవదు, గుండె లయని చూస్తుంది. పేగు జబ్బు తిరగబెట్టడానికి ఏడు వారాల ముందు నుంచే ఆ లయలో మార్పు కనిపించొచ్చని మౌంట్ సైనాయ్ పరిశోధకులు 2025లో ప్రచురించారు. ఆశ పెట్టుకోదగ్గ సంగతే. అయితే సరిగా నిద్ర లేకపోయినా, ఆఫీసు టెన్షన్ ఉన్నా అదే లయ మారుతుంది. వాచీ అనుమానపడితే స్ట్రిప్పో కిట్టో తీయడం మంచి పద్ధతి.

ఏది కొన్నా, అంకె ఎంత దాటితే ఫోన్ చేయాలో డాక్టర్‌ని ముందే అడిగి రాసుకోండి. మీటర్ చూసి స్టెరాయిడ్ డోసు సొంతంగా పెంచడం, ఉన్నట్టుండి ఆపేయడం రెండూ ప్రమాదమే.