వన్‌టౌన్‌లో కుట్టించుకున్న బ్యాగు, ఒక ఎండాకాలం వాడాక

ముందే చెప్పేస్తా, ఇది కంపెనీ బ్యాగు కాదు. షాపు బోర్డు కూడా ఎండకి వెలిసిపోయి చదవడానికి రాదు. విజయవాడ వన్‌టౌన్‌లో వస్త్రలత దాటాక లోపలి సందులో ఒక పెద్దాయన బ్యాగులు కుడతారు, ఆయన దగ్గర ఏప్రిల్ మొదటి వారంలో 1,650 రూపాయలకి కుట్టించుకున్నా. అప్పట్నుంచి జూన్ చివరి దాకా పదకొండు ప్రయాణాలు దీంతోనే, ఏడు పని మీద, నాలుగు సరదాకి. కొన్న రోజే రాసే రివ్యూల మీద నాకు నమ్మకం లేదు, అందుకే ఇన్నాళ్ళు ఆగా.

నేను నాగార్జున యూనివర్సిటీలో పీహెచ్‌డీ రెండో ఏడాది, టాపిక్ కృష్ణా తీరం బౌద్ధ స్థలాల శాసనాలు. ఎండాకాలం వస్తే క్లాసులుండవు కాబట్టి మా గైడ్ మేడమ్ ఒక లిస్టు చేతిలో పెట్టి ఇవన్నీ తిరిగి రామ్మా అంటారు. ఈసారి భట్టిప్రోలు, ఘంటసాల, గుంటుపల్లి, జగ్గయ్యపేట, నాగార్జునకొండ, చెన్నై ఎగ్మోర్ మ్యూజియం, మైసూరులో ఆర్కియాలజీ వాళ్ళ ఎపిగ్రఫీ (శాసనాల) ఆఫీసు. మధ్యలో ఫ్రెండ్స్ అరకు అన్నారు, సూర్యలంక అన్నారు, అక్కడికీ వెళ్ళా.

అసలు ఈ బ్యాగు ఎందుకంటే, అంతకు ముందు ఆన్‌లైన్‌లో 1,899 పెట్టి ఒకటి తెప్పించా. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది, పదిహేను అరలు, ఛార్జింగ్ వైరుకి కన్నం, అన్నీ ఉన్నాయి. మార్చిలో గుంటుపల్లి కొండ మెట్లెక్కుతుంటే వెనక జిప్పు పళ్ళు విడిపోయి, నోట్సు పుస్తకం, స్కేలు, బ్రష్షులు, టిఫిన్ బాక్సు అన్నీ మెట్ల మీద దొర్లాయి. చున్నీతో బ్యాగు చుట్టూ కట్టేసి కామవరపుకోట దాకా వచ్చి బస్సెక్కా. ఆ రోజు నిజంగా ఏడుపొచ్చింది, సామాన్ల కోసం కాదు, ఒక ఎస్టాంపేజ్ నలిగిపోయినందుకు.

ఎస్టాంపేజ్ అంటే శాసనానికి తీసే అచ్చు. రాయి మీద తడి కాగితం పరిచి, అక్షరాల్లోకి దిగేదాకా బ్రష్‌తో కొట్టి, కాస్త ఆరాక పైన ఇంకు అద్దుతారు, గుంటల్లో ఉన్న అక్షరం తెల్లగా మిగిలిపోతుంది. దాన్ని మడత పెట్టకూడదు, గొట్టంలో చుట్టుకుని తీసుకెళ్ళాలి. పైగా నేను చదివేది భట్టిప్రోలు లిపి, 1892లో అలెగ్జాండర్ రే తవ్వినప్పుడు దొరికిన ధాతు కరండాల, అంటే అస్థికలు దాచిన రాతి పెట్టెల మీది రాత. అందులో హల్లుకి పక్కన ఒక చిన్న అడ్డగీత ఉంటేనే అది 'క', గీత లేకపోతే ఉత్త 'క్'. కాగితం మడత పడిందనుకోండి, ఆ గీత రాతిలో ఉందా నా మడత వల్ల వచ్చిందా అని రేపు ఎవరైనా అడిగితే నేనేం చెప్పాలి? అందుకే నాకు బ్యాగంటే బట్టలు పెట్టుకునే సంచి మాత్రమే కాదు, మూడడుగుల గొట్టం కదలకుండా మోసేది కావాలి. అలాంటిది ఏ షాపులోనూ లేదు. బీసెంట్ రోడ్డు మొత్తం తిరిగా, గుంటూరులో కూడా అడిగా, గొట్టం సైడు జేబులో పెడితే పైన అడుగున్నర బయటికి ఊగుతా ఉంటుంది, బస్సు డోర్లో తగుల్తుంది.

మా హాస్టల్ అక్క ఒకావిడ చెప్తే ఈ షాపుకి వెళ్ళా. రెండు మిషన్లు, గోడ నిండా నవారు పట్టీల చుట్టలు, కింద కాన్వాస్ తాన్లు. ఆయన మాట తక్కువ మనిషి. గొట్టం చూపించా. చేతిలోకి తీసుకుని బరువు చూసి, "ఇది ఎటు భుజాన వేస్తావమ్మా?" అన్నారు. ఎడమ వైపు అన్నా. "అయితే కుడి వైపు పెడదాం, దిగేటప్పుడు ఎడం చెయ్యి ఖాళీ ఉండాలి" అన్నారు. అప్పటిదాకా నాకా ఆలోచనే రాలేదు. అడుగున ఒక గిన్నెలాగా రెక్సిన్ కప్పు, మధ్యలో ఒక పట్టీ, పైన ఒక పట్టీ బకిల్‌తో. గొట్టం లేనప్పుడు అదే చోట గొడుగు పెట్టుకోవచ్చు, అరకులో అలాగే వాడా.

ఇక జిప్పు గురించి కొంచెం ఎక్కువే రాస్తా, బ్యాగు పోయేది ఎక్కువగా అక్కడే కాబట్టి. చాలా రన్నర్ల వెనక ఒక నంబర్ ఉంటుంది, ఎప్పుడైనా తిప్పి చూడండి. 5 అంటే జిప్పు మూసినప్పుడు పళ్ళ వెడల్పు సుమారు 5 మిల్లీమీటర్లు, 8 అంటే ఇంచుమించు 8. నా పాత బ్యాగుకి పెద్ద అరకి కూడా 5 నంబరే వేశారు, నిండా కుక్కితే ఆగదు మరి. ఆయన మెయిన్ అరకి 10 నంబర్ వేశారు, చిన్న అరలకి 5. ఇంకోటి ఏం చెప్పారంటే, పళ్ళు విడిపోతే చాలాసార్లు తప్పు పళ్ళది కాదు, రన్నర్ అరిగి నోరు వదులైపోతుంది, అందుకని అది రెండు వైపులా పళ్ళని గట్టిగా నొక్కలేకపోతుంది. ప్లయర్‌తో రన్నర్‌ని కొద్దిగా నొక్కితే కొన్నాళ్ళు నడుస్తుంది, తర్వాత రన్నర్ మారిస్తే చాలు, మొత్తం జిప్పు పీకక్కర్లేదు. నా పాత బ్యాగు రన్నర్ ఆయన అక్కడికక్కడే మార్చి 40 రూపాయలు తీసుకున్నారు. ఇప్పుడది మా తమ్ముడు కాలేజీకి వేసుకెళ్తున్నాడు.

భుజం పట్టీలు బ్యాగుకి కలిసే చోట చూడండి, అక్కడ చతురస్రంగా కుట్టి మధ్యలో ఇంటూ గుర్తులా అడ్డంగా కుడతారు. షాపుల్లో దొరికేవాటికి ఆ చోట ఒకే వరస కుట్టు వేసి వదిలేసినవి చాలా చూశా. ఆయన చతురస్రం మీద రెండుసార్లు మిషన్ పోనిచ్చి, పక్కన కూర్చున్న పిన్నిగారు దారం చివర్లు కొవ్వొత్తి మంటకి కాల్చి అణిచారు. మూడు నెలల్లో ఆ చోట ఒక్క పోగు లేవలేదు, నేను వారానికోసారి వేలు పెట్టి తడిమి చూస్తా.

ప్రయాణాల్లో ఎలా ఉందంటే, భట్టిప్రోలుకి తెనాలిలో మారి రేపల్లె వైపు పాసింజర్ ఎక్కా, జనం బాగా ఉన్నారు, అయినా గొట్టం ఎవరికీ తగల్లేదు. చెన్నైకి తెల్లారగట్ల పినాకిని ఎక్స్‌ప్రెస్, పై రాక్‌లో అడ్డంగా పట్టింది. (ఎగ్మోర్ మ్యూజియం శుక్రవారం సెలవు, అది చూసుకుని టికెట్ వేసుకోండి. అమరావతి స్తూపం పలకలు ఒక్కో దాని ముందు గంట నిలబడాలనిపిస్తుంది, మన ఊరి రాళ్ళు అంత దూరంలో చూస్తుంటే మనసు అదోలా అయిపోయింది.) నాగార్జునకొండకి మాచర్ల మీదుగా విజయపురి సౌత్ వెళ్ళి లాంచీ ఎక్కా, లాంచీలో నీళ్ళు చిందినా కింద రెక్సిన్ ఉంది కాబట్టి లోపలికి దిగలేదు. మైసూరులో మూడు రోజులు, అక్కడ పని తప్ప చెప్పడానికేం లేదు, గొట్టం మాత్రం వెళ్ళినట్టే తిరిగొచ్చింది.

అరకుకి మటుకు బ్యాగు బరువు తెలిసింది. వైజాగ్ నుంచి పొద్దున్నే కిరండూల్ పాసింజర్ ఎక్కితే సొరంగం మీద సొరంగం, పిల్లలు ప్రతి సొరంగంలో కేకలు, కిటికీ పక్కనే కూర్చుని చూస్తూ ఉండిపోయా, అక్కడిదాకా బాగానే ఉంది. బొర్రా గుహల్లో దిగి ఎక్కేసరికి భుజాలు పీకేశాయి. ఖాళీగా ఉన్నప్పుడే కాటా మీద పెడితే 1.6 కేజీలు వచ్చింది, ఆన్‌లైన్ బ్యాగు కేజీ లోపే. కాన్వాస్ మరి. వచ్చేటప్పుడు తొట్లకొండ కూడా చూసుకున్నా, ఫ్రెండ్స్ కింద బీచ్‌లో ఉంటే నేను పైన స్తూపం చుట్టూ తిరిగా. పనికీ సరదాకీ ఒకటే బ్యాగు ఉంటే ఇదొక సుఖం, టేపు, నోట్సు ఎప్పుడూ అందులోనే ఉంటాయి.

సూర్యలంకలో ఒక మంచి విషయం తెలిసింది. అడుగున విడిగా చెప్పుల అర ఒకటి అడిగి పెట్టించుకున్నా, దానికి రెండు ఇత్తడి కన్నాలు వేశారు. ఇసక, తడి బట్టలు అందులో పడేస్తే నీళ్ళు ఆ కన్నాల్లోంచి కారిపోయాయి, పైన పుస్తకాలకి తడి తగల్లేదు.

నచ్చనివి కూడా చెప్పాలి. మూడు రోజుల్లో ఇస్తానని ఆరు రోజులకి ఇచ్చారు, నేను యూనివర్సిటీ నుంచి రెండుసార్లు ఊరికే బస్సెక్కి వచ్చా, ఆ ఎండలో వన్‌టౌన్ సందుల్లో తిరగడం మాటలు కాదు. ఫోన్ చేస్తే ఎత్తరు, మిషన్ చప్పుడులో వినపడదంట. వీపుకి తగిలే వైపు స్పాంజి పల్చగా వేశారు, చెమటకి చొక్కా అంతా తడిసిపోతుంది, కాన్వాస్ రంగు కూడా మొదటి రెండు సార్లు కొంచెం అంటింది, తెల్ల బట్టలేసుకున్న రోజు జాగ్రత్త. లాప్‌టాప్ అర అడిగితే అర కుట్టారు గానీ అడుగున మెత్త వేయలేదు, నేను పాత దుప్పటి ముక్క మడిచి పెట్టుకున్నా. ఇంకోటి, జూన్‌లో మొదటి వాన పడ్డప్పుడు పెద్ద జిప్పు మీదుగా నీళ్ళు లోపలికొచ్చాయి. గొట్టానికి మూత ఉంది కాబట్టి సరిపోయింది.

ఈ బ్యాగు అందరికీ అనను. రెండు రోజుల ట్రిప్పుకి నాలుగు జతల బట్టలు పట్టుకెళ్ళేవాళ్ళకి తేలిక బ్యాగే మేలు. ఫీల్డ్‌కెళ్ళే స్టూడెంట్లు, ట్రైపాడ్ మోసే వాళ్ళు, సర్వే వాళ్ళు, డ్రాయింగులు తీసుకెళ్ళే ఆర్కిటెక్చర్ పిల్లలు మాత్రం ఒకసారి మీ సామాను చేత్తో పట్టుకునే ఆయన దగ్గరికెళ్ళండి, ఫొటో చూపిస్తే కుదరదు, వస్తువు చేతిలో పెడితేనే కొలత తీసుకుంటారు. ఉదయం పదకొండు లోపు వెళ్తే తీరిగ్గా మాట్లాడతారు. గురువారం ఇస్తానంటే ఆదివారం అనుకోండి.

నిన్న మళ్ళీ వెళ్ళా. వాన నీళ్ళ సంగతి చెప్తే జిప్పు పక్కన వేలు పెట్టి చూసి, "నా తప్పేనమ్మా, ఏప్రిల్లో కుట్టాను కదా, వాన గుర్తు రాలేదు" అన్నారు. జిప్పు మీద రెండంగుళాల రెక్సిన్ ఫ్లాప్ వేస్తానన్నారు, వీపు వైపు స్పాంజి కూడా మారుస్తారంట. స్పాంజికి 120 అడిగారు, ఫ్లాప్‌కి వద్దన్నారు. సోమవారం రమ్మన్నారు, నేను బుధవారం వెళ్తా, శుక్రవారం ఘంటసాల బస్సుకి బ్యాగు కావాలి.